ఛాసిస్‌లో నీళ్ళు

జర్మనీలో జీగెన్ ఊరంతా కొండల మీదే ఉంటుంది. అక్కడ బండి తోలడమంటే సగం పని బ్రేకు తొక్కడమే. కరోనా రెండో ఏడు, ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, యూనివర్సిటీ హాస్టళ్ళ దగ్గర బియ్యం దించేసి కిందికి వస్తుంటే మలుపులో సుందర్‌రాజ్ బ్రేకు తొక్కాడు. కాళ్ళ కింద ఎక్కడో నీళ్ళబిందె తొణికినట్టు గళక్కుమంది.

"ఏవండీ, బండిలో నీళ్ళున్నాయి," అంది పక్క సీట్లో సంతోషకుమారి.

"అద్దం కడిగే నీళ్ళ డబ్బా అయ్యుంటది."

"డబ్బా ముందుంటది. ఇది నా కాళ్ళ కింద. మళ్ళీ తొక్కండి."

తొక్కాడు. మళ్ళీ గళక్.

"కడుపులో నీరు చేరిన మనిషి పక్కకి ఒత్తిగిల్లితే ఇలాగే వినబడుద్ది," అందామె. "ఇదేదో మంచి చప్పుడు కాదు."

సంతోషకుమారి ముసలివాళ్ళ హోమ్‌లో నర్సు. ఏ రోగం గురించైనా పేషెంటు నోటితో చెప్పకముందే ఆమెకు చెవిన పడుతుంది. సుందర్‌రాజ్ ఉక్కు గొట్టాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజినీరు. గొట్టం మందం వెంట్రుక వాసి తగ్గినా పక్కకి తీసి పారేయించే మనిషి. ఇద్దరిదీ కోనసీమే. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదాంట్లో చదువు ప్రసక్తి లేదు. బుద్ధి ప్రసక్తి ఉంది.

ఆ బండి పాత జపాన్ పికప్. అడవి కాపలా ఆఫీసరు ఒకాయన రిటైరవుతూ అమ్మితే కొన్నారు. అంతకుముందు దాని వెనకతట్టలో దుంగలు, గొడ్డళ్ళు తిరిగేవి. కరోనా వచ్చాక బియ్యం బస్తాలు తిరుగుతున్నాయి. హాస్టళ్ళలో తెలుగు పిల్లలు బోలెడంతమంది. హోటళ్ళు మూసేసరికి వాళ్ళ పార్ట్‌టైమ్ పనులు పోయాయి. ఒకడికి పాజిటివ్ వస్తే ఆ ఫ్లోరంతా క్వారంటీన్. గుమ్మం దాటకూడదు. దాటగలిగినవాడు కూడా బస్సెక్కి బియ్యం బస్తా భుజాన వేసుకుని కొండెక్కగలడా? మొదట్లో తెలుగు చర్చి సంఘంలో పెద్దలు జూమ్‌లో ప్రార్థన పెట్టారు. సంతోషకుమారి ఆ ప్రార్థనలోనే మైకు ఆన్ చేసి, "అయ్యగారూ, ప్రార్థన జూమ్‌లో అవుద్ది. బియ్యం జూమ్‌లో రావు," అంది. మరుసటి శనివారం మొగుణ్ణి లేపి, పికప్ తీయించి, కొలోన్ దాకా పోయి బస్తాలు తెచ్చింది. అప్పట్నుంచి ప్రతి శనివారమూ అంతే. దానం కాదది. ఎవరి బియ్యానికి వాళ్ళే డబ్బులేసుకునేవారు. ఈమె చేసింది మోయడం. మోసేవాళ్ళు లేకే సగం లోకం ఆకలితో ఉంటుందని ఈ పెద్దలకి ఎప్పుడు తెలుస్తుందో.

మే నెలలో బండికి టూఫ్ పరీక్ష ఉంది. రెండేళ్ళకోసారి జర్మనీలో ప్రతి బండికీ తప్పదు. ఛాసిస్, అంటే బండి బరువంతా మోసే బోలు ఇనప చట్రం, తుప్పుపట్టిందని తేలితే బండి రోడ్డెక్కదు. బండి ఎక్కకపోతే కొండ మీదికి బియ్యం ఎక్కవు. అద్దె వ్యానులు అందరూ ఎగబడి తీసేసుకుంటున్న రోజులవి. విషయం అంతే, ఇంతకంటే ఏమీ లేదు.

సుందర్‌రాజ్‌కి మాత్రం ఆ దిగులే లేదు. రెండేళ్ళ కిందట ఆయనే స్వయంగా బండి కింద పడుకుని ఛాసిస్ అంతటికీ మందంగా నల్ల తారు పూత వేశాడు. కొత్త పలకలా నిగనిగలాడింది. పరీక్షా పాసైంది. అప్పటికి లోపల ఇనుము గట్టిది గనక పాసైంది. ఆయన మాత్రం తన పూత వల్లే పాసైందనుకున్నాడు.

ఆ అలవాటు ఎక్కడిదో చెప్పాలి. సముద్రం పక్క ఊళ్ళలో కిటికీ ఊచ ఒక ఏడాది నిలవదు, ఉప్పుగాలికి పెచ్చులు లేచిపోతుంది. క్రిస్మస్ వస్తుందంటే ఇంటిల్లిపాదీ గోడలకి సున్నం, ఊచలకి నల్లరంగు. పెచ్చు గీకేవాడెవడూ ఉండడు. పెచ్చు మీదే రంగు. పండగనాటికి ఊచ నల్లగా ఉంటే చాలు. కలెక్టరు వస్తున్నాడంటే రోడ్డు పక్క రాళ్ళకి సున్నం కొట్టి రోడ్డులో గుంట అలాగే వదిలేస్తామే, అదే విద్య. ఆ విద్యే సుందర్‌రాజ్ విమానమెక్కించి జర్మనీ దాకా తెచ్చాడు.

మర్నాడు ఇంటి ఓనరమ్మ ఫ్రౌ క్లాయిన్ కొట్టంలో బండిని జాకీతో లేపి, నాలుగువైపులా ఇనప స్టాండ్లు పెట్టి, సంతోషకుమారి టార్చిలైటుతో కిందికి దూరింది. సుందర్‌రాజ్ బయట నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"నల్లగా నిగనిగలాడతంది కదా," అన్నాడు, తనే కితాబిచ్చుకుంటూ.

"ఆ, లాడతంది." టార్చి అడుగు పొడవునా జరుపుకుంటూ పోయిందామె. తర్వాత, "ఏవండీ, ఛాసిస్ అడుగున ఈ ముద్దలేంటి, వరసగా?"

"ఎంసీల్."

"ఎంసీలా?"

"ఇండియా నుంచి తెచ్చుకున్నాం కదా, ట్యాంకుకి అతికించగా మిగిలింది. అడుగున బొక్కలున్నాయి. చలికాలం రోడ్డు మీద మంచుకి చల్లే ఉప్పునీళ్ళు వాటిలోంచి లోపలికి పోతాయని అన్నీ పూడ్చేశాను. వాటి మీద తారు."

ఆమె తిట్టకపోతేనే ఆయనకి భయం. బండి కింద నుంచి వచ్చింది తిట్టు కాదు, స్క్రూడ్రైవరుతో ఎంసీల్‌ని పొడుస్తున్న చప్పుడు. ఒక ముద్ద ఊడింది. బుడబుడమని నీళ్ళు వచ్చాయి. చిక్కటి టీ రంగు. వాటితోపాటు రేకులు రేకులుగా తుప్పు. ఆమె భుజమంతా తడిసిపోయింది. రెండో ముద్ద ఊడింది. అక్కడా అంతే. నీళ్ళు కొట్టం నేల మీద పాయలుగా పారుతుంటే సుందర్‌రాజ్ కట్టుకున్న చేతులు విప్పేశాడు.

"కిందికి రండి," అంది.

వెళ్ళి పక్కన పడుకున్నాడు. ఆమె టార్చి పైకి వేసింది. ఛాసిస్ పైభాగంలోనూ కన్నాలే, అడ్డకమ్మీల దగ్గర సందులే. ముందు చక్రాలు చిమ్మిన నీళ్ళన్నీ దూరడానికి తలుపులు బార్లా తెరిచినట్టున్నాయి.

"ఇటు రాకుండా ఆపగలరా?"

"ఎలా ఆపుతాం? ఎక్కడెక్కడ ఆపుతాం?"

"మరి లోపలికొచ్చిన నీళ్ళు ఎటు పోవాలి?"

కోనసీమలో పుట్టినవాడికి ఆ ప్రశ్న అడగాల్సిన పనే లేదు. పంటకాలువ తవ్వించినవాడు మురుగుకాలువ కూడా తవ్వించకపోతే చేను కుళ్ళిపోతుందని అక్కడ గేదెలు కాసేవాడికీ తెలుసు. మురుగుకాలువ పూడ్చి ఇల్లు కట్టినవాణ్ణి ఊరంతా తిట్టడం తన చెవులతో విన్నాడు. ఆ మనిషే, అమ్మేముందు గొట్టం లోపలికి లైటు వేసి చూసే ఆ ఇంజినీరే, కంపెనీవాడు నీళ్ళు పోవడానికని పెట్టిన ప్రతి కన్నాన్నీ వెతికి వెతికి పూడ్చాడు. రెండు చలికాలాల ఉప్పునీళ్ళు లోపల నిలవేసుకుని, పైన నల్లగా మెరిపించుకుని తిరిగాడు.

"తిట్టు," అన్నాడు.

"తిడితే నీళ్ళు పోతాయేంటి? లేవండి, కడగాలి," అందామె.

ఇక్కడ సంతోషకుమారి కూడా ఒక తప్పు చేసింది. ఆమెని దేవతని చేస్తే నాకు ఒరిగేదేం లేదు గనక అదీ చెబుతాను. ఆవేశం ఎక్కువ. బండిని కొట్టంలోంచి వాకిట్లోకి తోయించి, పక్కింటివాళ్ళ ప్రెషర్ పంపు అరువు తెచ్చి, ఛాసిస్ కన్నంలోకి పైపు దూర్చి నీళ్ళు కొట్టడం మొదలెట్టింది. ఎర్ర బురద వాకిలంతా పారింది. ఫ్రౌ క్లాయిన్ మాస్కు పెట్టుకుని, చీపురుకర్ర దూరం కొలిచినట్టు అడ్డంగా పట్టుకుని వచ్చింది.

"ఇక్కడ బండి కడక్కూడదు, ఫ్రౌ సుందర్‌రాజ్," అంది. ఫ్రౌ అంటే అక్కడ శ్రీమతి.

"మట్టే కదండీ," అంది ఈమె జర్మన్‌లో, పంపు ఆపకుండా. "మీ ట్రాక్టరుకి అంటుకునేదీ మట్టే."

"మట్టి కాదు. తారు, నూనె, ఉప్పు. ఈ వాకిలి నీళ్ళు ఎటు పోతాయో చూడండి."

సంతోషకుమారి తల తిప్పి చూసింది. వాకిలి చివర ఇనప జాలీ, దాని వెనక గుట్ట దిగువన వాగు. వాగు పక్కనే కింది ఇంటివాళ్ళ బాతులు. పంపు ఆపేసింది.

"తప్పు నాదే," అంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో సుందర్‌రాజ్ ఆ మాట విన్నది బహు తక్కువ. అదీ ఇంత తొందరగా, ఇంత సూటిగా. ఇంకెవరైనా అయితే మాకు రూల్స్ తెలియవనో, మా దేశంలో ఇలా కాదనో నసిగేవారు. ఆయనైతే కచ్చితంగా నసిగేవాడు. ఈమె పార తెచ్చి, పారిన బురదంతా ఎత్తి బకెట్‌లో పోసి, జాలీ దగ్గర గోనెసంచి అడ్డం పెట్టింది. ఫ్రౌ క్లాయిన్ ఆ పనంతా అయ్యేదాకా నిలబడి చూసింది. చూసి, "ఊరి చివర డబ్బులేసుకుని మనమే కడుక్కునే షెడ్డుంది. అక్కడి నీళ్ళు వడగట్టే తొట్టిలోకి పోతాయి. కడిగి తెచ్చాక కొట్టంలో పెట్టండి. మా ఆయన గడ్డి ఆరబెట్టే ఫ్యాను ఇంకా ఉంది, పెద్దది," అని వెళ్ళిపోయింది.

షెడ్డులో ఆమె ఒక్కొక్క కన్నంలోకీ సన్న పైపు దూర్చి, అటువైపు నుంచి తేటనీళ్ళు వచ్చేదాకా వదల్లేదు. వెనక క్యూలో ఉన్న మెరిసే కార్లవాళ్ళు హారన్ కొట్టారు. "మీది పైన కడగడం. నాది లోపల కడగడం. టైం పడుద్ది," అని కేకేసింది. జర్మన్ వ్యాకరణం ఎలా ఉందో గాని హారన్లు మాత్రం ఆగాయి.

గడ్డి ఫ్యాను రాత్రీ పగలూ తిరిగింది. ఛాసిస్ పొడిగా ఆరాక అసలు పని మొదలైంది. తారు గీకడం. హీట్‌గన్‌తో వేడిచేస్తే తారు మెత్తబడుతుంది, రేకుతో గీకితే పట్టుతేనెలా సాగి ఊడుతుంది. దాని కింద వైర్ బ్రష్. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకుండా మాస్కు కావాలి. ఆ ఏడు ప్రతి జర్మన్ ఇంట్లోనూ బియ్యం లేకపోయినా మాస్కులున్నాయి. సంతోషకుమారి డ్యూటీ దిగి వచ్చి, నర్సు బట్టలు విప్పేసి, పాత నైటీ మీద మొగుడి ఫ్యాక్టరీ కోటు తొడిగి బండి కిందికి దూరేది. జుట్టుకి ప్లాస్టిక్ కవరు. కళ్ళకి ఉల్లిపాయలు కోసేటప్పుడు పెట్టుకునే అద్దాలు. హోమ్‌లో ఆ చలికాలం చాలామందిని పోగొట్టుకున్నారు వాళ్ళు. పొద్దున్నంతా ఊపిరి ఆడని ముసలివాళ్ళని కూర్చోబెట్టి, పడుకోబెట్టి, సాయంత్రానికి వచ్చి ఇనుము గీకే ఆ మనిషికి నడుమనేది ఉందా లేదా అని సుందర్‌రాజ్‌కి అనుమానం వచ్చేది. ఒకరోజు అడిగేశాడు.

"నొప్పి లేదా కుమారీ?"

"ఉంది. అయితే?"

ఆయనా రేకు తీసుకుని అటుపక్క దూరాడు.

గీకిన చోటల్లా ఆమె సుత్తి పిడితో కొట్టి చెవి ఒగ్గేది. గట్టి ఇనుము ఠంగుమంటుంది. తుప్పు తిన్న ఇనుము దబ్బుమంటుంది. దబ్బుమన్న చోట సుద్దముక్కతో గుండ్రంగా గీసేది. ఫ్యాక్టరీలో ఇదే పనికి సుందర్‌రాజ్ దగ్గర అల్ట్రాసౌండ్ మిషను ఉంది. మర్నాడు దాన్ని ఇంటికి తెచ్చి కొలిచాడు. ఆమె సుద్ద గీసిన చోట్లన్నీ పలచబడ్డాయి. ఒక చోట మాత్రం ఆమెకి తెలియనిది మిషను పట్టింది.

"చూశావా," అన్నాడు కొంచెం గర్వంగా.

"చూశాను. బాగుంది మీ మిషను. రెండేళ్ళ కిందట తెచ్చుంటే ఇంకా బాగుండేది."

వెనక కుడివైపు, చక్రం మీద బరువు మోసే కమాను పట్టీలు తగిలించే చోట గీకుతుంటే స్క్రూడ్రైవరు మొన లోపలికి దిగబడిపోయింది. వేలు దూరేంత కన్నం. ఆమె దాన్ని ఏమీ చెయ్యలేదు. చుట్టూ పెద్ద సుద్ద వలయం గీసి, "ఇది వెల్డింగు పని. మన పని కాదు," అంది.

అప్పటికి పరీక్ష ఎదురుగా వచ్చేసింది. వర్క్‌షాపులవాళ్ళెవరూ టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఇవ్వడం లేదు. ఫోన్ చేస్తే వచ్చే నెల అంటున్నారు. ఇండియాలో రెండో వేవ్ నడుస్తోంది. కొండ మీద ఈవా అనే గుంటూరు పిల్ల క్వారంటీన్ గదిలో ఒక్కతే కూర్చుని, ఆక్సిజన్ మీదున్న తండ్రి ఫోను కోసం చూస్తోంది. సంతోషకుమారి రోజూ దానికి ఫోన్ చేసేది గాని ఓదార్పు మాటలు చెప్పేది కాదు. "అన్నం వండుకున్నావా, కూరేంటి, గిన్నె చూపించు," అనేది. వీడియోలో గిన్నె చూపిస్తే గాని ఫోను పెట్టేసేది కాదు.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం సుందర్‌రాజ్ ఒక్కడే కొట్టంలో ఉన్నాడు. కన్నం దగ్గర కూర్చుని చాలాసేపు చూశాడు. అరలో తారు డబ్బా మిగిలే ఉంది. చిన్న ఇనప రేకు అడ్డం పెట్టి, ఎంసీల్ మెత్తి, మీద తారు పూస్తే ఎవరికి తెలుస్తుంది? రేపు గట్టెక్కేస్తే తర్వాత నింపాదిగా వెల్డింగు చేయించుకోవచ్చు. చెడ్డవాడు కాదాయన. పిల్లల బియ్యం కోసమే అనుకున్నాడు. లోకంలో సున్నం కొట్టేవాళ్ళందరూ మంచి కోసమే అనుకుంటారు. డబ్బా మూత తీసి, బ్రష్ ముంచాడు.

"పుయ్యండి," అంది సంతోషకుమారి తలుపు దగ్గర నుంచి. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి బూట్లు కూడా విప్పలేదు.

ఆయన బ్రష్ గాల్లోనే ఉండిపోయింది. "ఒక్క రోజుకే కుమారీ. పరీక్ష అవగానే..."

"పుయ్యమనే అంటున్నాను. నేనేం కాదన్లేదు. పూసి పాస్ చేయించండి. ఈ శనివారం బస్తాలేసుకుని బండి నేను తోల్తాను. మీరు హాస్టల్ మలుపు కింద నించోండి. నేను దిగేప్పుడు ఆ పట్టీ ఊడుద్దో లేదో మీ కళ్ళతో చూద్దురు గాని."

"అలాంటి మాటలు మాట్లాడకు."

"ఎందుకు మాట్లాడకూడదు? మా హోమ్‌కి ఒకామె వేరే చోట నుంచి వచ్చింది. దుప్పటి మల్లెపువ్వు. నడుం మీద బ్యాండేజీ మల్లెపువ్వు. విప్పితే లోపల ఎముక కనబడతంది. పుండు కడక్కుండా మీద గుడ్డ కట్టారు, చూడ్డానికొచ్చేవాళ్ళు బాధపడతారని. కట్టినవాళ్ళూ మీలాగే మంచివాళ్ళు." ఆమె గొంతు పెంచలేదు. "ఆ పరీక్షోడు మనకి శత్రువా? మన బండి కింద తల పెట్టి చూసేవాడు. వాడి కళ్ళకి గంతలెందుకు కట్టాలి? ఎక్కడ పాడైందో మనకంటే బాగా తెలిసినోడు దొరికినప్పుడు పుండు విప్పి చూపించాలా, దాచాలా?"

"ఫెయిలైతే?"

"అయితే అవుద్ది. నెల గడువిస్తారు. ఆ నెలా నేను రైల్లో మోస్తాను. పడి చచ్చేకంటే మొయ్యడం తేలిక."

సుందర్‌రాజ్ బ్రష్ డబ్బాలో పెట్టి మూత కొట్టేశాడు. ఆ క్షణంలో ఆయనకి కలిగినది సిగ్గు కాదు. తన ఫ్యాక్టరీలో బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టి ఉండే సూత్రాలన్నీ ఒక మనిషి రూపంలో, నర్సు బూట్లతో, తలుపు దగ్గర నిలబడి ఉన్నాయని అనిపించింది. ఆ బోర్డు కింద రోజూ టీ తాగుతాడు. ఒక్కరోజూ చదవలేదు.

పరీక్ష చేసేది సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి. మాస్కు మీద కళ్ళు తప్ప ఏమీ కనబడవు. బండిని లిఫ్టు మీద పైకెత్తాడు. కిందికెళ్ళి తలెత్తి చూసి, అలాగే నిలబడిపోయాడు. పూత లేదు. మెరుపు లేదు. గీకిన ఇనుము, దాని మీద తెల్ల సుద్ద వలయాలు.

"ఇదేంటి?"

"వలయాలున్నచోట ఇనుము పలచబడింది. పెద్ద వలయంలో కన్నముంది. ఇంకెక్కడన్నా మాకు తెలియనిది ఉంటే చెప్పండి. చెప్పాకే పూత వేస్తాం," అంది సంతోషకుమారి.

ఆయన మాస్కు వెనక నవ్వాడో లేదో తెలీదు. "నా దగ్గరికి అందరూ నల్లగా పూసుకుని తెస్తారు," అన్నాడు. "నేను సగం రోజు ఆ నలుపు కింద ఏముందో కనుక్కోవడానికే పొడుస్తూ ఉంటాను." సుత్తి తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరదాకా కొట్టుకుంటూ పోయాడు. ఆమె కాస్త ఎడంగా నడుస్తూ తల వంచి విన్నది. ముందు ఎడమవైపు అడ్డకమ్మీ దగ్గర ఆగి, ఆమె చేతిలో సుద్ద అడిగి తీసుకుని, ఇంకో వలయం ఆయనే గీశాడు.

"ఇది మీరు చూడలేదు."

"చూడలేదు," అంది. "చప్పుడు మాకు గట్టి ఇనుములాగే వినబడింది."

"లోపల అంచు పోయింది. వేలు పెట్టి చూడండి."

వేలు పెట్టి చూసింది. సుందర్‌రాజ్‌ని కూడా పెట్టి చూడమంది.

ఫెయిల్ చేశాడు. చెయ్యకపోతే ఆయన ఉద్యోగం చేస్తున్నట్టు కాదు. రెండు చోట్ల ఇనప పలకలు వేయించాలి, సర్టిఫికెట్ ఉన్న వెల్డరు చెయ్యాలి, నెలలోపు తిరిగి తేవాలి. మిగతా ఛాసిస్ గట్టిగా ఉందని, ఇంకో చలికాలం ఆ నీళ్ళు అలాగే నిలవుంటే బండిని ఇనప సామానువాడికి ఇవ్వాల్సి వచ్చేదని చెప్పాడు. బయటికి రాగానే సుందర్‌రాజ్ నీరసపడ్డాడు. సంతోషకుమారి మాత్రం, "బతికింది. రోగమేంటో తెలిసిపోయింది," అంది.

ఇక ఇక్కడి నుంచి సుందర్‌రాజ్ వంతు. అంతవరకూ ఫ్యాక్టరీలో ఎవరినీ ఏదీ అడగని మనిషి, మొహమాటం గట్టున పెట్టి, వెల్డింగు సెక్షన్‌లో సర్టిఫికెట్ ఉన్న పెద్ద మేస్త్రీ దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఎంసీల్ సంగతితో సహా. మేస్త్రీ కడుపుబ్బ నవ్వాడు. నవ్వి, శుక్రవారం సాయంత్రం వచ్చి వెల్డింగు పెట్టాడు. పలకలు సుందర్‌రాజే ఎంచాడు, మందం మూడుసార్లు కొలిచి. ఆ శనివారం, తర్వాతి శనివారం సంతోషకుమారి అన్న మాట ప్రకారం రైల్లో బియ్యం మోసింది. ఆయనా మోశాడు. స్టేషన్ మెట్ల మీద భుజం మార్చుకుంటున్నప్పుడు ఇద్దరికీ మాట్లాడడానికి ఊపిరి లేదు.

తర్వాత పూత. ఈసారి వరస మారింది. ముందు తుప్పుకి ప్రైమర్. అది ఆరాక, పొడుగాటి గొట్టం చివర అన్నివైపులా చిమ్మే మూతి పెట్టి, ఛాసిస్ బొంగులోకి పల్చటి మైనం కొట్టారు. మైనం లోపలి మూలమూలకీ పాకి, అడుగు కన్నాల్లోంచి బొట్లు బొట్లుగా కారేదాకా. కారాక ఆ కన్నాల్లో పుల్ల తిప్పి మళ్ళీ తెరిచారు. బయటివైపు గొర్రెబొచ్చు నుంచి తీసే కొవ్వు. అది తారులా గట్టిపడి పగలదు, మెత్తగానే ఉండి గీత పడినా తనే పాకి మూసుకుంటుంది. వానొస్తే కొట్టుకుపోయిన చోట మళ్ళీ రాసుకోవచ్చు. ఏటేటా చలికాలానికి ముందు చూసుకోవాలి, చలికాలం అయ్యాక ఉప్పు కడుక్కోవాలి. ఒకసారి పూసి మర్చిపోయే పూత లోకంలో లేదు. ఉందని అమ్మేవాణ్ణి నమ్మకండి.

రెండోసారి బండి పైకెత్తినప్పుడు పొడుగాయన వెల్డింగు తడిమి, కన్నాల్లో టార్చి వేసి, వాసన చూసి, "గొర్రెలు," అన్నాడు. పాస్ చీటీ నంబరు ప్లేటు మీద అంటించాడు. "ఈ పని ఎవరు చేశారు?" అని అడిగాడు. మామూలుగా అయితే ఇలాంటి చోట సుందర్‌రాజ్ "మేము" అంటాడు. మర్యాదగా ఉంటుంది, సగం పేరు తనకీ వస్తుంది.

"ఆవిడ," అన్నాడు. "నేను పాడుచేశాను, ఆవిడ బాగుచేసింది. వెల్డింగు మాత్రం మా మేస్త్రీది."

సంతోషకుమారి అప్పటికే ఫోన్లో ఉంది. "కూరేంటి? మళ్ళీ గుడ్డేనా? వస్తున్నాం, వంకాయలు తెస్తున్నా."

ఆ శనివారం బండి మళ్ళీ కొండెక్కింది. బస్తాలు దించుకోవడానికి పిల్లలు మాస్కులు పెట్టుకుని దిగారు. క్వారంటీన్ అయిపోయిన ఈవా ముందుకొచ్చి ముక్కు మూసుకుంది.

"ఆంటీ, బండి గొర్రెల మందలాగా కంపు కొడతంది."

"కొట్టనీ. మీ నాన్నగారు ఎలా ఉన్నారే?"

"ఆక్సిజన్ తీసేశారంట ఆంటీ. ఇడ్లీ అడిగారంట."

"అడిగారంటే బతికినట్టే," అంది సంతోషకుమారి. అని ఒక్క క్షణం బస్తా మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఆ చలికాలమంతా ఆమె అలా నిలబడగా సుందర్‌రాజ్ చూడలేదు.

పిల్లలు బస్తాలు మోసుకుపోతున్నారు. పొద్దున వానపడి రోడ్డంతా తడిగా ఉంది. సుందర్‌రాజ్ ఒంటి మీద ఇస్త్రీ చొక్కా ఉంది, అక్కణ్ణుంచి ఒకాయన ఇంటికి భోజనానికి పోవాలి. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ చొక్కాతోనే తడి రోడ్డు మీద వెల్లకిలా పడుకుని, బండి కిందికి తల దూర్చి, బరువు దిగాక కొత్త వెల్డింగు ఎలా ఉందో వేలితో తడుముకుంటూ చూస్తున్నాడు.

"అంకుల్ ఏం చేస్తున్నారు ఆంటీ?" అంది ఈవా.

"పని చేస్తున్నారు. అడ్డం లే," అంది సంతోషకుమారి.